పొగాకు షెడ్డులో సిరామిక్ కోటింగ్: నల్ల కారుతో నా అనుభవం

నల్ల కారు వద్దురా అని చెప్పని మనిషి లేడు మా ఇంట్లో. మా ఆవిడ తెలుపు అంది, అమ్మ ఎరుపు అంది, మా బాబాయి అయితే "చీమకుర్తి రోడ్డులో తిరిగేవాడికి నలుపేందిరా, పొద్దున నల్లగా పోయి సాయంత్రానికి బూడిదరంగులో వస్తది" అని నవ్వాడు. నిజమే, ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డెక్కితే చాలు గ్రానైట్ బ్లాకులేసుకున్న లారీలు, వాటి వెనకాల లేచే తెల్లటి దుమ్ము, నా ఉద్యోగం కూడా అటే, రోజూ పోనురాను నలభై కిలోమీటర్లు. అయినా షోరూంలో లైట్ల కింద నల్ల బ్రెజా చూశాక ఇంకో రంగు కంటికి ఆనలేదు. చీమకుర్తిలో తవ్వే గెలాక్సీ గ్రానైట్‌కి పాలిష్ పెట్టినప్పుడు నలుపులో బంగారు చుక్కలు తేలతాయి చూడండి, అచ్చం అట్టా కనపడింది నాకు. (ఆ రాయి జియాలజీ వాళ్ళ లెక్కలో అసలు గ్రానైటే కాదంట, గాబ్రో జాతంట, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఈ ముక్క చీమకుర్తిలో అంటే కొడతారు.)

కార్తీక మాసంలో డెలివరీ. ముందే చెప్పా షోరూం వాళ్ళకి, బండి కడగొద్దు, తుడవొద్దు, దుమ్ముతోనే ఇచ్చేయండి నేను చూసుకుంటా అని. సరే సార్ సరే సార్ అన్నారు, తీరా పోయేసరికి ఒక కుర్రాడు పొడి గుడ్డ తీసుకుని బానెట్ మీద గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దుతున్నాడు, ఆ గుడ్డతోనే అంతకుముందు ఎన్ని బండ్లు తుడిచాడో. షోరూం పేరు ఎందుకులెండి, ఏ షోరూంకి పోయినా ఇదే భాగోతం. డెలివరీ కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడే సిరామిక్ కోటింగ్ చేయించుకోండి సార్, ఇరవై ఆరు వేలు, మూడేళ్ళు గ్యారంటీ అని ఒకాయన పక్కన చేరాడు. అప్పటికే బండికి ఖర్చయిపోయి ఉన్నా, ఆలోచించి చెప్తా అని తప్పించుకున్నా.

అక్కడి నుంచి నేరుగా సింగరకొండ. మా వైపు కొత్త బండి కొంటే ఆంజనేయస్వామికి చూపించకుండా ఇంటికి తేరు. నిమ్మకాయలు తొక్కించాం, కొబ్బరికాయ కొట్టాం, పూజారిగారు నూనెలో కలిపిన సిందూరం వేలితో తీసి బానెట్ నడిమధ్యన స్వస్తిక్ వేశారు, దాని మీద పసుపు కుంకుమ, పైన బంతిపూల దండ. దండని వైరుకి గుచ్చారు, ఆ వైరు కొస ముందు గ్రిల్లు పైన దాదాపు జానెడు గీత పెట్టిందని రెండ్రోజుల తర్వాత చూసుకున్నా. స్వామి కాడ జరిగింది కాబట్టి మా అమ్మ ముందు ఏమీ అనలేదు. సిందూరం మరక మాత్రం షాంపూతో కడిగినా లేత నారింజరంగులో అట్టాగే ఉండిపోయింది.

ఆ తర్వాత వానలు. మనకి నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలే గట్టిగా కురుస్తాయి కదా, నవంబరంతా బండి బురదలోనే తిరిగింది. ఒకరోజు ఎండొచ్చినప్పుడు చూస్తే బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు, వందల కొద్దీ. ఇవే స్విర్ల్ మార్కులు. షోరూం కుర్రాడి గుడ్డ పుణ్యం కొంత, ఆ తర్వాత నేను బక్కెట్ నీళ్ళలో పాత బనీను ముంచి కడిగిన పుణ్యం కొంత. కొని నెల కాలేదు, నాకు కడుపులో దేవినట్టయింది.

ఈ గీతలు తీసి సిరామిక్ కోటింగ్ వెయ్యడానికి ఎంతవుద్దని ఒంగోల్లో ఒక డీటైలింగ్ షాపులో (బండ్లకి పాలిష్, కోటింగ్ చేసే చోటు) అడిగితే పద్దెనిమిది వేలు చెప్పారు. ఆ రాత్రి కూర్చుని వీడియోలు చూడటం మొదలెట్టా, వారం రోజులు అదే పని. నాకు అర్థమైంది ఏంటంటే ఈ సిరామిక్ కోటింగ్ అనేది ఒక చిన్న సీసాలో ఉండే ద్రవం, సాల్వెంట్‌లో సిలికా సంబంధమైన పదార్థం కలిపి ఉంటుంది, పెయింట్ మీద రాస్తే సాల్వెంట్ ఆవిరైపోయి మిగిలింది గాజులాంటి పల్చటి పొరగా గట్టిపడుతుంది. మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కాబట్టి రాళ్ళు తగిలితే పెచ్చు లేవకుండా ఆపదు, ఎవడైనా తాళంచెవితో గీకితే ఆపదు, దానికి పీపీఎఫ్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ వేరే ఉంది, దాని రేటు వింటే బండి అమ్ముకోవాల. కోటింగ్ చేసేది ఏంటంటే నీళ్ళు నిలవనివ్వదు, మురికి తేలిగ్గా వదులుతుంది, ఎండకి రంగు వెలిసిపోకుండా కొంత కాస్తుంది, మెరుపు నిలబెడుతుంది. అంతే.

సీసా మీద 9హెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేను కూడా ఏదో వజ్రం లెక్క అనుకున్నా. తీరా చూస్తే అది పెన్సిల్ గట్టితనం, మనం బొమ్మలు గీసుకునే హెచ్‌బి పెన్సిల్ ఉంటుందే ఆ వరసలో 9హెచ్ బాగా గట్టిది, దాంతో గీసినా గీత పడలేదు అని చెప్పడం. ఇది బాబాయికి చెప్తే ఆయన ఒక్క క్షణం ఆలోచించి "నీ కారు మీద పెన్సిల్‌తో ఎవడు రాస్తాడ్రా, గీకితే రాయి గీకిద్ది గానీ" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు.

బాబాయి గురించి కొంచెం చెప్పాలి. ఆయనది కొండపి వైపు పల్లెటూరు, నాలుగెకరాల పొగాకు, దాంతోపాటు ఇరవై ఏళ్ళు చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఈ పాలిషూ కోటింగూ షాపుకి ఇవ్వకుండా నేనే ఇంటి ముందు రోడ్డు మీద చేసుకుందాం అనుకున్నా, ఫోన్‌లో మాట్లాడుతూ మాటల్లో చెప్తే "రోడ్డు మీద దుమ్ములో పాలిషేందిరా, తలకాయుండే చెప్తన్నావా, మన గ్రేడింగ్ షెడ్డు ఖాళీగా ఉంది, ఈడికి తోలుకురా" అన్నాడు. పొగాకు రకాలుగా ఏరే షెడ్డు అది, డిసెంబరులో ఆకు ఇంకా కోతకి రాదు, ఆకు ఆరబెట్టే బ్యారన్ వెలిగించడానికి నెల పైనే టైం ఉంది, షెడ్డుకి మూడు వైపులా గోడలు, ముందర పెద్ద రేకు తలుపు, సిమెంటు నేల, నాలుగు ట్యూబ్‌లైట్లు. ఒంగోల్లో ఇంతకంటే మంచి చోటు నాకు ఎవరిస్తారు.

సామాను లెక్క చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. కోటింగ్ సీసా 30 ఎంఎల్ 2,600, క్లే బార్ 400, ఐరన్ రిమూవర్ 650, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 350, ఫినిషింగ్ పాలిష్ 900, మైక్రోఫైబర్ క్లాత్‌లు డజను 1,100, గ్లవ్స్ టేపు లాంటివి 300, డీఏ పాలిషర్ (ప్యాడ్ తిప్పుతూ పాలిష్ పెట్టే కరెంటు మిషన్) ప్యాడ్లతో కలిపి 5,200. మొత్తం పదకొండు వేల ఐదొందలు. పాలిషర్ తీసేస్తే ఆరు వేల మూడొందలే, అందుకే పాలిషర్ కొనేటప్పుడు మా ఆవిడకి "ఇది జీవితాంతం ఉంటది" అని చెప్పా. ఆమె మన మిక్సీ కొన్నప్పుడు కూడా ఇదే అన్నావు అంది.

డిసెంబరు ఆఖరి శనివారం, ధనుర్మాసం, పొద్దున ఐదింటికే గుడి మైకులో తిరుప్పావై వస్తుంటే బయల్దేరా. చలి మంచిదే ఈ పనికి, మే నెలలో రోహిణి కార్తెలో చేస్తే మందు రాసీ రాయకముందే ఆరిపోద్ది. వెనక సీటులో మినరల్ వాటర్ క్యాన్లు ఐదు పెట్టుకుపోయా, ఒక్కోటి ఇరవై లీటర్లు. ఎందుకంటే బాబాయి వాళ్ళ బోరు నీళ్ళు తేటగా కనపడతాయి గానీ చెంబులో పోసి ఆరబెడితే అడుగున సున్నం. నా దగ్గర రెండొందల రూపాయల టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) ఉంది, అందులో పెడితే 1,400 చూపించింది, క్యాన్ నీళ్ళు 60. నల్ల కారు మీద ఆ బోరు నీళ్ళు ఆరితే చుక్కచుక్కకీ తెల్ల ముగ్గే. మొదటి కడుగు బోరు నీళ్ళతో, ఆఖరి కడుగు క్యాన్ నీళ్ళతో అనుకున్నా. బాబాయి చేలో మందు కొట్టే స్ప్రేయర్ తెచ్చాడు, "కడిగాలే, దీంతో కొట్టు, వాన పడినట్టు పడిద్ది" అని. మూత తీసి వాసన చూస్తే కళ్ళు తిరిగినయ్. చెంబుతోనే పోసుకున్నా.

ముందు షాంపూ కడుగు, రెండు బక్కెట్లు, ఒకదాంట్లో షాంపూ ఇంకోదాంట్లో చేతి మిట్ జాడించుకునే నీళ్ళు. ఆ తర్వాత ఐరన్ రిమూవర్. ఇది కొడితే పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రజను ఉన్నచోట ఊదారంగులో కారుతుంది. కొత్త బండికి ఇనుము ఎక్కడిది అనుకున్నా గానీ వెనక డోరు కింద, డిక్కీ మీద బాగానే కారింది, బ్రేకుల నుంచి రాలే రజను, రైల్లో లారీలో వచ్చేటప్పుడు పడేది ఇట్టాంటివి. కాకపోతే వాసన ఉందే, కుళ్ళిన కోడిగుడ్డు. వంటింట్లోంచి మా పిన్ని ముక్కు మూసుకుని వచ్చి "గంప కింద గుడ్లేమన్నా చెడిపోయినయ్యేమో చూడండయ్యా" అని కోళ్ళ గంప వెతకడం మొదలెట్టింది.

తర్వాత క్లే. బంకమట్టి లాగే ఉంటుంది, తడి చేసుకుంటూ పెయింట్ మీద మెల్లగా జరిపితే కంటికి కనపడని గరుకంతా దానికి అంటుకుంటుంది. గరుకు ఉందో లేదో తెలియాలంటే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని తడిమి చూడాలి, ఉత్త చేతికి నున్నగా తగిలేది కవర్‌తో చూస్తే ఇసక కాగితంలా తెలుస్తుంది. ముందే ముక్కని రెండుగా కోసి పెట్టుకున్నా, అది మంచిదయింది, మొదటి ముక్క అరగంటలో చేయి జారి నేలమీద పడింది. నేల మీద పడిన క్లే మళ్ళీ వాడకూడదు, అందులో ఇసక రేణువు ఒక్కటున్నా చాలు. బాబాయి "కడుక్కుని వాడుకోరా రెండొందలు" అన్నాడు, నేను పారేశా, ఆయన దాన్ని తీసి కిటికీలో పెట్టుకున్నాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మధ్యాహ్నం తిన్నాక పాలిష్. ఇక్కడి నుంచి పని నా చేతుల్లోంచి బాబాయి చేతుల్లోకి పోయింది. నేను ప్లాస్టిక్ భాగాలకి టేపు వేసుకుని, ప్యాడ్ మీద శనగగింజంత బొట్లు నాలుగు పెట్టుకుని, రెండడుగుల చదరంలో మెల్లగా నడుపుతుంటే ఆయన పక్కన గొంతుకూర్చుని చూస్తున్నాడు. మొదటి డౌటు, నీళ్ళు పెట్టకుండా పాలిష్ ఎట్టా అని. రాయికి నీళ్ళు కారుతూనే ఉండాలి కదా, లేకపోతే కాలిపోద్ది. ఇది రాయి కాదు బాబాయ్, పైన రంగులేని క్లియర్ కోట్ ఒకటి ఉంటది, మహా అయితే 40, 50 మైక్రాన్లు, మన వెంట్రుక కంటే పల్చన, దాంట్లోంచే కొంచెం తీస్తన్నాం అన్నా. ఆయన మొహం మారిపోయింది. "అంత పల్చనా? మరి నువ్వు ఆ మిషన్ మీద పడి నొక్కుతున్నావేందిరా దున్నపోతులాగా" అన్నాడు. నిజంగానే నొక్కుతున్నా. మిషన్ బరువుకే పని అవ్వాలి, మనం పట్టుకోవడమే అని వీడియోల్లో వందసార్లు విన్నా చేతికి రాలేదు, ఆయన నా మోచెయ్యి పట్టుకుని పైకి లేపాక వచ్చింది.

ఇంకోటి నేర్పించాడు, అది ఏ వీడియోలోనూ ఇంత బాగా చెప్పలేదు. పాలిష్ వచ్చిందో లేదో తెలియాలంటే పలక వంక చూడకూడదంట, పలకలో కనపడే ట్యూబ్‌లైట్ వంక చూడాలంట. ఫ్యాక్టరీలో స్లాబ్ మీద ట్యూబ్‌లైట్ నీడ పడేట్టు వంగి, ఆ నీడ అంచు కత్తిలాగా ఉందా ఈకలాగా ఉందా చూసేవాళ్ళు. అంచు ఈకలు లేస్తే ఇంకా పని ఉన్నట్టు. నేను కూడా బానెట్ పక్కన వంగి చూస్తే, చేసిన వైపు లైటు గీత గీసినట్టుంది, చెయ్యని వైపు అదే లైటు చుట్టూ పొగ. సిందూరం మరక కూడా రెండో దఫాలో పోయింది. దండ వైరు గీత మాత్రం పోలేదు, గోరు పెడితే తట్టుకుంటుంది, అంత లోతుది తీయబోతే కింద రంగు బయటపడుద్ది అని వదిలేశా. "కొన్నిటిని అట్టా ఉండనియ్యాలరా, మా మేస్త్రీలు స్లాబ్ అంచున గీతుంటే ఆ అంచు గోడవైపుకి తిప్పేవాళ్ళు" అన్నాడు బాబాయి. కారు అంచుని ఎటు తిప్పను చెప్పండి.

పాలిష్ అయ్యేసరికి రాత్రి పది. ఇరవై నిమిషాలు చేసి చూద్దాం అనుకున్నది తొమ్మిది గంటలు పట్టింది. నడుము లేవలా. పిన్ని ఉలవచారు పోసిన అన్నం పెడితే తిని ఎక్కడ పడుకున్నానో కూడా గుర్తులేదు.

ఆదివారం అసలు పని. బాబాయి పొద్దున్నే కూలోళ్ళని తీసుకుని తోటలోకి పోయాడు, నేను ఒక్కడినే. షెడ్డు నేల నీళ్ళతో తడిపా, దుమ్ము లేవకుండా, పాత పొగాకు ఘాటుకి తుమ్ములు ఆగట్లేదు, మాస్కు పెట్టుకున్నా, ఎట్టాగూ ఆ సాల్వెంట్ వాసనకి కూడా పెట్టుకోవాల్సిందే. మంచు ఆరి తేమ తగ్గేదాకా తొమ్మిదిన్నర వరకు ఆగా, మనది సముద్రం దగ్గర గాలి కదా, తేమ ఎక్కువుంటే కోటింగ్ ఇంకా తొందరగా పట్టేస్తుంది, తుడవడానికి టైం ఇవ్వదు. ఒక వంతు ఐపీఏ (అదే ఐసోప్రొపైల్ ఆల్కహాల్), మూడు వంతులు బ్యాటరీ షాపులో తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ కలిపి బండి అంతా తుడిచా. పాలిష్‌లో ఉండే నూనెలు పోవాలి, పోకపోతే కోటింగ్ పెయింట్‌కి కాకుండా ఆ నూనెకి అంటుకుంటుంది, నెల తిరక్కుండా పోతుంది. ఇది బద్ధకించే చోటు, చూడ్డానికి బండి అప్పటికే మెరిసిపోతుంటుంది, ఇంకా ఏం తుడుస్తాంలే అనిపిస్తుంది.

చిన్న స్పాంజి దిమ్మ, దానికి సూయెడ్ గుడ్డ చుట్టి, దాని మీద పది పన్నెండు చుక్కలు. రెండడుగుల చదరంలో అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి రాయాలి. రాసిన చోట కాసేపటికి నూనె మీద ఇంద్రధనుస్సులా రంగులు తేలి చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది, అప్పుడు ఒక క్లాత్‌తో తుడిచి, ఇంకో క్లాత్‌తో మళ్ళీ తుడవాలి. తొందరపడి ముందే తుడిస్తే మందంతా క్లాత్‌కి పోద్ది, ఆలస్యం చేస్తే గట్టిపడి బండి మీదే మచ్చలా నిలిచిపోద్ది, దాన్ని హై స్పాట్ అంటారు. సీసాతో వచ్చిన కాగితంలో ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమని ఉంది. మా షెడ్డులో ఆరోజు 28 డిగ్రీలు, నలభై సెకన్లకే రంగులు తేలాయి. కాగితాన్ని నమ్ముకుని మొదటి చదరం నిమిషంన్నర వదిలేస్తే క్లాత్ జిగట జిగటగా పట్టుకుంది, బలమంతా పెట్టి తుడవాల్సొచ్చింది.

ఇంకో తెలివితక్కువ పని, బానెట్‌తో మొదలెట్టడం. మొదటిసారి చేసేవాడు ఎవరికీ కనపడని చోట, డోరు కింది భాగంలోనో వెనకవైపో మొదలుపెట్టి చేయి కుదిరాక బానెట్‌కి రావాలి. నాకేమో బానెట్ ఎప్పుడు మెరుస్తుందా అని ఆత్రం. ఒక సగం అయింది, రెండో సగంలో చదరం కాస్తా పెద్దది చేసేశా, మూడడుగుల పైనే ఉంటుంది, రాసి తుడవడం మొదలెట్టానో లేదో మా పిన్ని టీ గ్లాసు పట్టుకొచ్చి నిలబడింది. "ఆరిపోద్ది అబ్బయ్యా, ముందు తాగు" అంటుంది. చేతికి గ్లవ్స్ ఉన్నయ్ పిన్నీ అంటే వినదే, నోటికి అందించబోయింది. సరే అని గ్లవ్స్ తీసి రెండు గుటకలు తాగి మళ్ళీ కొత్త గ్లవ్స్ తొడుక్కుని వచ్చి గబగబా తుడిచా. ట్యూబ్‌లైట్ కింద అంతా బాగానే కనపడింది. టీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

టాప్ రాస్తుండగా ఇంకో తమాషా. పైన దూలం మీంచి బల్లి ఒకటి టప్పున టాప్ నడిమధ్యన పడింది, తడి కోటింగ్ మీద నాలుగడుగులు పరిగెత్తి విండ్‌షీల్డ్ మీంచి జారిపోయింది. తోక ఆడిస్తూ చిన్న చిన్న పాదముద్రలు. వాటిని వెంటనే ఇంకో రెండు చుక్కలు వేసి రాసి తుడిస్తే పోయినయ్, పచ్చిగా ఉన్నప్పుడు కొత్త చుక్క వేస్తే పాతది కరుగుతుంది. పిన్ని లోపలికెళ్ళి పంచాంగంలో బల్లి శాస్త్రం తీసింది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి, ఎడమ, కుడి, ఆడ, మగ అన్నీ ఉన్నాయి, కారు టాప్ మీద పడితే ఏమవుద్దో లేదు. ఎందుకైనా మంచిదని నన్ను తల మీద నీళ్ళు పోసుకోమంది. తడి చేతుల్తో బండి కాడికి పోకూడదు పిన్నీ ఇరవై నాలుగ్గంటలు అని చెప్పి తప్పించుకున్నా.

నాలుగు డోర్లు, డిక్కీ, బంపర్లు అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. నిన్న తొమ్మిది గంటలు పాలిష్‌కి పోతే ఈరోజు అసలు కోటింగ్‌కి నాలుగున్నర గంటలే, అందులో అరగంట బల్లికి టీకి పోయింది. 30 ఎంఎల్‌లో సుమారు ఎనిమిది మిగిలింది. వాడిన క్లాత్‌లు సాయంత్రానికి అట్టముక్కల్లా బిరుసెక్కాయి, వాటిని ఉతికి వాడుకుందాం అనుకోవద్దు, ఆ బిరుసుతో తుడిస్తే మళ్ళీ గీతలే. బండి రాత్రికి షెడ్డులోనే, బయట పెడితే మంచు పడుద్ది, మొదటి రోజు నీటి చుక్క తగలకూడదు.

సోమవారం సెలవు పెట్టా, నయం. పొద్దున ఎనిమిదింటికి రేకు తలుపు తీసి బండి ఎండలోకి తీశా. నేను దూరం నుంచి ఫోటోలు తీసుకుంటున్నా, స్టేటస్‌లో పెట్టడానికి. బాబాయి వేపపుల్ల నములుతూ వచ్చి బానెట్ పక్కన గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, తల అటొకసారి ఇటొకసారి తిప్పి "ఇదేందిరా ఈడ మబ్బు కమ్మింది" అన్నాడు. నాకేం కనపడలా. ఆయన నా మెడ పట్టుకుని వంచి ఆయన కన్ను ఉన్న చోట నా కన్ను పెట్టించాడు. అప్పుడు కనపడింది, అరచెయ్యంత మరక, కొబ్బరినూనె ఒలికి ఆరినట్టు, అంచుల్లో రంగులు. దాని పక్కన ఇంకో రెండు చిన్నవి. సరిగ్గా పిన్ని టీ ఇచ్చిన చోటు. ట్యూబ్‌లైట్ కింద కనపడనిది ఎండలో కళ్ళకి కొట్టినట్టు కనపడుతోంది.

గంట రెండు గంటల్లో చూసుకుని ఉంటే బల్లి పాదాల్లాగే కొత్త చుక్కతో పోయేది. రాత్రంతా గడిచింది కాబట్టి పాలిష్ పెట్టి తీయాల్సిందే, వేరే దారి లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎవరికీ కనపడదులే వదిలేద్దాం అన్నా. బాబాయి "నీకు కనపడిందిగా, ఇంక అది రోజూ కనపడుద్ది" అని మిషన్ ఆయనే తీసుకున్నాడు. రెండ్రోజుల క్రితం దాకా డీఏ పాలిషర్ అంటే ఏందో తెలియని మనిషి, నాకంటే నిదానంగా, అసలు బరువు వెయ్యకుండా, నాలుగైదు సార్లు నడిపి ఆపి, వంగి చూసి, మళ్ళీ నడిపి, ఇరవై నిమిషాల్లో మూడు మచ్చలూ తీసేశాడు. నేను ఐపీఏతో తుడిచి ఆ సగం బానెట్‌కి మళ్ళీ కోటింగ్ రాశా. ఈసారి అడుగు చదరమే. ఒక్కో చదరం తుడవగానే ఆయన ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకుని చూసి "ఊ" అంటేనే రెండోదానికి పోవడం. పిన్ని టీ పట్టుకొస్తే ఆయనే గుమ్మం కాడ అడ్డం నిలబడ్డాడు.

బండిని మంగళవారం దాకా షెడ్డులో వదిలేసి ఆయన బైకు మీద ఒంగోలు వచ్చా. వారం దాకా షాంపూ పెట్టలేదు. వారం తర్వాత మొదటిసారి నీళ్ళు పోస్తే తామరాకు మీద పోసినట్టే, ముత్యాల్లా చుట్టుకుని జారిపోతున్నాయి, మా ఆవిడ కూడా ఇంకో మగ్గు తెచ్చి తనూ పోసి చూసింది. మా వీధిలో నలుగురు ఎక్కడ చేయించావు ఎంతయింది అని అడిగారు. ఇంక దుమ్ము సంగతి అడుగుతారేమో, దుమ్ము పడుతుంది, చీమకుర్తి దుమ్ముకి కోటింగ్ అంటే భయమేం లేదు, సాయంత్రానికి బాబాయి అన్న బూడిదరంగే. కాకపోతే ముందు బాగా నీళ్ళు కొడితే చాలావరకు అదే కొట్టుకుపోతుంది, గుడ్డ పెట్టి రుద్దే పని తగ్గింది. పొడి దుమ్ము మీద గుడ్డ మాత్రం ఇప్పుడు కూడా పెట్టకూడదు. బోరు నీళ్ళతో కడిగి ఎండలో వదిలేస్తే సున్నం చుక్కలు కోటింగ్ మీద కూడా పడతాయి, అది ఒకసారి చేసి చూసుకున్నా, వెనిగర్ నీళ్ళలో కలిపి తుడిస్తే పోయినయ్ గానీ రెండోసారి ఆ పని చెయ్యలేదు. షోరూం ఆయన మూడేళ్ళు గ్యారంటీ అన్నాడు కదా, నా సీసా మీద కూడా అంతే రాసుంది, నేనైతే మన ఎండలకి రెండేళ్ళు నిలబడితే చాలనుకుంటున్నా.

బానెట్‌కి మళ్ళీ రాశాక కూడా ఇంకా ఐదు ఎంఎల్ మిగిలింది సీసాలో. బాబాయి అడిగాడు, తన బైకు ట్యాంకుకి రాసుకుంటా అని. అక్కడే ఇచ్చేసి వచ్చా, తొందరగా వాడేసెయ్ బాబాయ్ అని చెప్పి. సంక్రాంతికి పోయినప్పుడు ట్యాంకు బ్రహ్మాండంగా పాలిష్ పెట్టి ఉంది, తెల్లటి బనీను గుడ్డ, గ్లవ్స్ అన్నీ పక్కన సర్దుకుని నా కోసమే ఆగాడు. మూత తిప్పితే రాలా. ఇద్దరం పట్టుకుని తిప్పితే వచ్చింది, వంచితే ఒక్క చుక్క పడలా. ఆయన సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు, లోపల అడుగున తెల్లగా పటికబెల్లం లాంటి ముద్ద.

"రాయైపోయింది కదరా" అన్నాడు, దాన్ని తీసుకెళ్ళి కిటికీలో ఆ క్లే ముక్క పక్కన పెట్టాడు.